బ్యాంకులో నిలిచిపోయిన పుట్టింటి చిరునామా

ప్రతి మాసమును మాకు వచ్చు జాబులలో ఒక విధమైన జాబు తప్పక యుండును. "మేము ఇల్లు మారితిమి. ఇకమీదట పత్రికను ఈ క్రింది చిరునామాకు పంపగోరెదను" అని చందాదారులైన సోదరీమణులు వ్రాయుదురు. క్రొత్త యింట పాలు పొంగించిన నాటి సాయంకాలమే కార్డు వ్రాసినవారు గలరు. సామాను బండి కెక్కకమునుపే వ్రాసినవారును గలరు. ఒక సంచిక అందనిచో ధారావాహిక కథలో ఒక ప్రకరణము తప్పిపోవునని వారి ఆందోళనము. మాకు అది సంతోషకారణమే. ఇటీవల అట్లు వ్రాసిన యొక సోదరికి బదులు వ్రాయుచు, "బ్యాంకువారికి గూడ తెలియజేసితిరా?" అని మాటవరుసకు అడిగితిమి. "బ్యాంకులో నా చిరునామా యేమున్నదో నాకే జ్ఞాపకము లేదు" అని వారు వ్రాసిరి.

ఆ వాక్యము చదివి ఊరకుండలేక మా కాగితములు మేము తీసి చూచుకొంటిమి. మాకు రెండు బ్యాంకులలో ఖాతాలు గలవు. ఒకదానిలో ఇప్పటి యింటి చిరునామాయే యున్నది. రెండవదానిలో మేము విడిచి ఆరు సంవత్సరములైన యింటి చిరునామా యున్నది. పరులకు చెప్పుటకు ముందు మేమే చేయవలసిన పని యొకటి మిగిలియున్నదని తెలిసినది.

పత్రిక రాకున్నచో నెల తిరుగకమునుపే తెలియును. బ్యాంకు జాబు రాకున్నచో తెలియదు. ఏలయన అది యెప్పుడు రావలెనో మనము ఎదురుచూచుచుండము. వ్యవహారమంతయు ఫోనులోనే జరుగుచుండగా ఇంకను జాబులతో పనియేమి యని కొందరు అడుగవచ్చును. పని లేకపోలేదు. గడువు తీరిన ఏ.టీ.ఎం. కార్డునకు బదులుగా క్రొత్త కార్డు తపాలాలో వచ్చును. చెక్కు పుస్తకమును అట్లే వచ్చును. నగలు తాకట్టుపెట్టి తెచ్చిన అప్పు గడువు దాటినచో, వేలమునకు ముందు పంపు నోటీసు ఆ ఖాతాలోని చిరునామాకే పోవును. ఇవిగాక ఖాతాదారుల గుర్తింపు వివరములను బ్యాంకువారు కొన్ని యేండ్ల కొకసారి మరల సరిచూడవలెను. దీనినే కే.వై.సీ. యందురు. అపాయము తక్కువ యని బ్యాంకు ఎంచిన ఖాతాలకు ఇది 10 సంవత్సరముల కొకసారి వచ్చును. ఆ గడువునకు ముందు కనీసము మూడు పర్యాయములు, గడువు దాటిన పిదప మరి మూడు పర్యాయములు ఖాతాదారునకు తెలుపవలెననియు, ప్రతి మూడింటిలో ఒకటియైనను తపాలా జాబుగా నుండవలెననియు రిజర్వు బ్యాంకు 2025 జూన్ మాసమున నియమించినది. ఫోను నంబరు మారి, చిరునామాయు పాతదే యైనచో, ఈ ఆరు పిలుపులలో ఒక్కటియు మన చెవిని పడదు.

ఇల్లు మారుట యనగా సామాను మూటలు గట్టి తరలించుటయే యని మన మనుకొందుము. స్త్రీకి మొదటి ఇల్లు మార్పు ఆ విధముగా రాదు, మేళతాళములతో వచ్చును. ఆనాడు సారె పెట్టెలో పసుపు కుంకుమలు మొదలు చలిమిడి వరకు ఏమేమి సర్దవలెనో మన అమ్మమ్మలకు కంఠస్థము. పాసుబుక్కు సర్దవలెనని మాత్రము ఏ యమ్మమ్మయు చెప్పలేదు. కళాశాలలో చదువునాడు విద్యార్థి వేతనము కొరకు తెరిచిన ఖాతా, తండ్రి ముచ్చటపడి కుమార్తె పేర వేసిన ఫిక్సెడు డిపాజిటు, తొలి యుద్యోగములో జీతము పడిన ఖాతా, ఇవన్నియు పుట్టింటి చిరునామాతోనే నిలిచిపోవును. పిల్ల అత్తవారింటికి పోయినది. ఆమె సొమ్ము పుట్టింటనే యున్నది. పుట్టింట తండ్రి యున్నంతవరకు జాబులు భద్రముగనే యుండును. ఆ పిదపనే చిక్కు.

మా స్నేహితురాలి సంగతి చెప్పెదము. ఆమె తండ్రి కృష్ణా జిల్లాలో ఉపాధ్యాయుడు. 2006లో కుమార్తె పేర 5 సంవత్సరములకు 40 వేల రూపాయలు డిపాజిటు చేసెను. 2009లో ఆమెకు వివాహమై హైదరాబాదునకు వచ్చెను. 2011లో డిపాజిటు గడువు తీరునాటికి తండ్రి జబ్బుపడి యుండెను. ఎవరికిని ఆ మాట తోచలేదు. ఆయన పోయిన తరువాత అన్నదమ్ములు ఇల్లు అమ్మివేసిరి. బ్యాంకు జాబు లెన్ని వచ్చినవో, కొన్నవారు ఎన్ని తిప్పి పంపిరో ఎవరికిని తెలియదు. 2023లో తల్లి పాత ట్రంకు పెట్టెలో పట్టుచీరె మడతల నడుమ డిపాజిటు రసీదు దొరకినది. తల్లి దానిని వెండి గిన్నెలతోబాటు భద్రపరచినది గాని, అది యేమిటో ఆమెకు తెలియదు.

రసీదు తీసికొని స్నేహితురాలు ఆ యూరికి పోగా, సొమ్ము బ్యాంకులో లేదని చెప్పిరి. ఆమె గుండె జారిపోయినది. అది యెవరును తినివేసినది కాదు. పదేండ్లపాటు ఎవరును అడుగని సొమ్మును బ్యాంకులు రిజర్వు బ్యాంకువారి యొద్ద 2014లో నెలకొల్పిన డిపాజిటుదారుల నిధికి పంపివేయవలెనను నియమము గలదు. అట్లు పంపిన తరువాతను సొమ్ము సొంతదారుదే. ఆమె గాని, వారసులు గాని ఎప్పుడు వచ్చి అడిగినను ఆ బ్యాంకే లెక్కగట్టి యియ్యవలెను. కావున సొమ్ము పోలేదు. పోయిన దేమనగా వడ్డీ. గడువు తీరి పడియున్న డిపాజిటునకు సేవింగ్సు ఖాతా వడ్డీని మించి రాదు. ఏటేట తిరిగి వేయించుకొని యుండినచో ఎంత యగునో ఆమె భర్త కాగితముపై లెక్కవేసి చూపబోగా, "చూపవలదు" అని ఆమె కాగితము లాగుకొన్నదట.

అసలు శ్రమ వేరొకచోట వచ్చినది. రసీదులో తండ్రి యింటిపేరుతో, అమ్మివేసిన యింటి చిరునామాతో ఒక కన్య యున్నది. ఎదుట భర్త యింటిపేరుతో, హైదరాబాదు చిరునామాతో నలుబదేండ్ల గృహిణి నిలిచియున్నది. ఇద్దరును ఒకరే యని బ్యాంకు గుమాస్తా ఎట్లు నమ్మవలెను? అతడు అడిగినది న్యాయమే. వివాహ ధ్రువపత్రము కావలెననిరి. వారి వివాహము 2009లో రిజిస్టరు కాలేదు. దానికొరకు తిరుగుట యొక నెల, బ్యాంకు చుట్టు తిరుగుట మూడు పర్యాయములు. తుదకు సొమ్ము చేతికి వచ్చినది. పెండ్లియైన యేడాదిలోనే ఒక జాబు వ్రాసియుండినచో ఈ ప్రయాణము లేవియు నుండెడివి కావు.

ఇట్టి పాత సొమ్ము తమ పేర నున్నదేమో యని అనుమానము గలవారు రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ప్రారంభించిన 'ఉద్గమ్' అను వెతుకులాట స్థానములో తమ కన్నెనాటి పేరుతోను, ఇప్పటి పేరుతోను రెండు విధముల వెదకుట మేలు.

నగలను బ్యాంకు లాకరులో నుంచిన సోదరీమణులు ఈ భాగమును నిదానముగా చదువ కోరెదము. 2021 ఆగస్టులో ప్రకటింపబడి 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన నియమముల ప్రకారము, అద్దె వరుసగా 3 సంవత్సరములు చెల్లనిచో లాకరును తెరిపించు హక్కు బ్యాంకునకు గలదు. ఇది సహజమే. కాని మరియొక నియమము గలదు. అద్దె సక్రమముగా చెల్లుచున్నను సరే, 7 సంవత్సరములు లాకరు వాడుకలో లేక, తీసికొన్నవారి జాడ తెలియనిచో, లోనివస్తువులను నామినీకి గాని వారసులకు గాని ఇచ్చుటకు, లేదా పద్ధతి ప్రకారము అమ్మివేయుటకును బ్యాంకునకు స్వాతంత్ర్యము గలదు. అద్దె ఖాతానుండి తనంతట తాను చెల్లిపోవుచున్నందున మనము నిశ్చింతగా నుందుము. తెరచుటకు ముందు జాబు పంపవలెను, ఈమెయిలు పంపవలెను, ఫోనునకు సందేశము పంపవలెను. జాబు తిరిగి వచ్చినచో ఒక ఇంగ్లీషు దినపత్రికలోను, ఒక దేశభాషా దినపత్రికలోను ప్రకటింపవలెను. పత్రికలో మూల నెక్కడనో పడు ఆ ప్రకటనను కూరలు తరుగుచు మనము చూతుమా? అమ్మమ్మ కాసులపేరు అంతదూరము పోకుండ ఆపగలది చిరునామాలోని నాలుగు పంక్తులే.

ఇక చేయవలసిన పని. ఇది జనులు భయపడునంత కష్టము కాదు. ఖాతా తెరచునాడు ఇచ్చిన పత్రములలో మార్పు వచ్చినచో 30 దినములలో బ్యాంకునకు తెలుపవలెనని నియమము. చిరునామా మాత్రమే మారినపుడు, క్రొత్త చిరునామాను మనమే వ్రాసి సంతకముచేసి ఇచ్చు ప్రకటన చాలునని రిజర్వు బ్యాంకు 2023 జనవరిలో బ్యాంకులకు స్పష్టపరచినది. జాబు ద్వారా పంపవచ్చును. ఖాతాలో నమోదైన ఈమెయిలు, ఫోను నంబరు, బ్యాంకు యాప్‌ల ద్వారాను తెలుపవచ్చును. తరువాత రెండు మాసములలో బ్యాంకువారే ఆ చిరునామాకు జాబు పంపియో, మనిషిని పంపియో నిజమును రూఢిపరచుకొనవలెను. కొన్ని శాఖలలో ఈ సంగతి తెలిసిన గుమాస్తాయు, తెలియని గుమాస్తాయు ప్రక్కప్రక్కన కూర్చుండుట మేము చూచితిమి. కావున వాదమునకు దిగుటకంటె, ఉన్న యొక ఋజువును చేత బట్టుకొని పోవుట సుఖము.

ఋజువు విషయములో మన యిండ్లలో చాల పొరపాటు గలదు. పాన్ కార్డుపై చిరునామాయే లేదు. రేషను కార్డును, గ్యాసు బండ పుస్తకమును రిజర్వు బ్యాంకు జాబితాలో లేవు. పాస్‌పోర్టు, డ్రైవింగు లైసెన్సు, ఓటరు కార్డు, ఆధారు, ఉపాధి హామీ పథకపు కార్డు ఇవి ముఖ్యమైనవి. వీనిలో క్రొత్త చిరునామా ఇంకను ఎక్కనిచో, రెండు మాసములకు మించని కరెంటు బిల్లు, నీటి బిల్లు, టెలిఫోను బిల్లు, గొట్టముద్వారా వచ్చు గ్యాసు బిల్లు, ఇంటిపన్ను రసీదు, చిరునామా గల ప్రభుత్వ పింఛను ఉత్తరువు వంటివి తాత్కాలికముగా పనికివచ్చును. మూడు మాసములలో ముఖ్యపత్రమును సరిచేయించి మరల చూపవలెను.

ఇచ్చటనే గృహిణికి అడ్డు తగులును. కరెంటు బిల్లు ఇంటి సొంతదారు పేర నుండును. నీటిపన్ను మామగారి పేర నుండును. టెలిఫోను భర్త పేర నుండును. ఆ యింట ఉదయము మొదలు రాత్రి వరకు దీపము వెలిగించునది, నీరు పట్టునది, ఫోనునకు బదులిచ్చునది ఆమెయే. ఒక్క కాగితముపైనను ఆమె పేరు లేదు! ఈ చిక్కును తీర్చుటకు ఆధారు సంస్థవారు 2023 జనవరిలో ఒక మార్గము చూపిరి. కుటుంబ పెద్ద యొక్క సమ్మతితో, ఆయన చిరునామానే ఆమె ఆధారులో నెక్కించుకొనవచ్చును. బంధుత్వమును చూపు రేషను కార్డో, వివాహ ధ్రువపత్రమో, పాస్‌పోర్టో చాలును. బ్యాంకులో చెల్లని రేషను కార్డు ఇచ్చట చెల్లును. అట్టి పత్రము లేనిచో పెద్దయే నిర్ణీత ఫారముపై వ్రాసి యియ్యవచ్చును. సమ్మతి 30 దినములలో ఇయ్యవలెను. ముందుగా ఆ పెద్ద ఆధారులో క్రొత్త చిరునామా ఎక్కియుండవలెనని వేరుగ చెప్పనక్కరలేదు. 18 సంవత్సరములు నిండినవా రెవరైనను పెద్ద కావచ్చును. అత్తగారు కావచ్చును. యుక్తవయస్కురాలైన కుమార్తె తల్లికి పెద్ద కావచ్చును. మాకు ఇది మిక్కిలి నచ్చినది.

వివాహానంతరము ఇంటిపేరు మారినవారికి మరియొక సౌకర్యము గలదు. పత్రము పాతపేరుతో నున్నను, ప్రభుత్వమువారి వివాహ ధ్రువపత్రము గాని, గెజెటు ప్రకటన గాని జతపరచినచో బ్యాంకు అంగీకరింపవలెను. వివాహమును రిజిస్టరు చేయించని దంపతులు ఇప్పుడైనను చేయించుకొనుట మంచిది. పెండ్లి ఫోటోలు ఈ పనికి చాలవు.

చిరునామా మార్చినచో ఖాతా సంఖ్య మారునేమో, ఖాతా నెత్తి క్రొత్త యూరి శాఖకు మార్పవలెనేమో యని కొందరు జంకుదురు. ఈ రెండును వేరు. ఖాతా పాతశాఖలోనే యుండవచ్చును. చిరునామా మాత్రము మారును. ఉమ్మడి ఖాతా యైనచో భర్త చిరునామా మార్చినంత మాత్రమున భార్యది మారినదని యెంచరాదు. ఆమె వివరములు వేరుగ నుండును, ఆమె సంతకము వేరుగ కావలెను. "అంతయు నేను చూచుకొందునులే" అను పురుషులు నిజముగా చూచుకొనువారే కావచ్చును. అయినను తమ ఖాతాను చూచుకొందురు. నామినీ పత్రములో వ్రాసిన నామినీ చిరునామాను గూడ ఆ పూటనే విచారింపవలెను. పదేండ్ల క్రిందట పసిబిడ్డగా నున్న నామినీ నేడు వేరొక యూరిలో చదువుచుండవచ్చును.

ఇల్లు కదలకుండనే చిరునామా మారిన సంగతియు మన ప్రాంతమున గలదు. 2016 అక్టోబరు 11న తెలంగాణములో 10 జిల్లాలు 31 అయినవి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశములో 13 జిల్లాలు 26 అయినవి. అమలాపురములోని యిల్లు ఉన్నచోటనే యుండి తూర్పు గోదావరి నుండి కోనసీమకు వచ్చినది. నరసరావుపేట గుంటూరు నుండి పల్నాడునకు పోయినది. పిన్ కోడ్ సరిగ నున్నచో జాబు చేరును గాని, ఎటులను బ్యాంకునకు పోయినప్పుడు ఇదియు సరిచేయించుకొనవచ్చును. బ్యాంకులు మాత్రము కదలక యున్నవా? భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసినది. అంతకు మూడేండ్ల ముందు, 2017 ఏప్రిల్ 1న, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసినది. పాత పాసుబుక్కుపై పేరు చూచి ఆ బ్యాంకు ఇప్పుడు లేదుగదా యని దానిని పారవేయరాదు. కలుపుకొన్న బ్యాంకు ఆ ఖాతాలకు బాధ్యురాలు.

ఈ చిరునామాల మాట జనులకు తెలిసిన కొలది దొంగలకును తెలిసినది. "మీ కే.వై.సీ. సరిచేయలేదు, ఈ సాయంకాలము ఖాతా నిలిచిపోవును, ఈ లంకెను నొక్కుడు" అని సందేశము వచ్చును, లేదా ఎవరో మర్యాదగా "అమ్మా" యని ఫోనులో పలుకరించి ఓ.టీ.పీ. సంఖ్య అడుగుదురు. పగటివేళ ఇంట ఒంటరిగా నున్న స్త్రీలు వీరి ఉచ్చులో పడుచున్నారు. చిరునామా మార్పునకు రహస్య సంఖ్యను ఫోనులో చెప్పవలసిన పని లేదు. ఫోను పెట్టివేసి, మరునాడు శాఖకు పోయి అడుగవచ్చును. మోసపోయితిమని తోచినచో సిగ్గుపడక వెంటనే 1930 సంఖ్యకు తెలుపవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము చేతులు మారును.

జాబును రెండు ప్రతులుగా వ్రాసి, ఒకదానిపై తేదీతో బ్యాంకు ముద్ర వేయించుకొని యింట నుంచుకొనవలెను. ఖాతా సంఖ్య, పాత చిరునామా, క్రొత్త చిరునామా, పిన్ కోడ్, ఫోను నంబరు వ్రాసినచో చాలును. ఇల్లెందుకు మారితిరో వ్రాయనక్కరలేదు. బ్యాంకునకు వ్రాసి ఫిర్యాదు చేసినను 30 దినములలో సమాధానము రానిచో, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితముగా విన్నవించుకొనవచ్చును. 14448 సంఖ్యకు ఫోను చేసినచో ఆ విధానము చెప్పుదురు.

మా సంగతి ముగింపవలెను. ఆరేండ్ల పాత చిరునామా గల ఆ ఖాతాకై మేమును జాబు వ్రాసి, ఓటరు కార్డు నకలు జతపరచి, శాఖకు పోయితిమి. అరగంట నిలువవలసివచ్చినది. ఇరువది దినముల తరువాత ఒక మధ్యాహ్నము ప్రక్కయింటి పిన్నిగారు ఒక కవరు తెచ్చి యిచ్చిరి. బ్యాంకువారు చిరునామా రూఢి చేసికొనుటకు పంపిన జాబే అది. మా తలుపుపై పేరు లేనందున పోస్టుమాను వారి యింట విచారించి యిచ్చిపోయెనట. ఆ సాయంకాలమే పేరు పలక చేయింప బజారునకు పోయితిమి. దానిపై ఇంటివారి పేరుతో బాటు మా పేరును వ్రాయించితిమి.